అల్లాయి చక్రానికి కళాయి

మా సందులో కారు పెట్టుకోవటమంత చిరాకు ఇంకోటి లేదండీ. విజయవాడ వన్‌టౌన్‌లో, వించిపేటలో మా ఇల్లు. సందుకి కుడిపక్క కరెంటు స్తంభం, ఎడంపక్క సిమెంటు సైడుకాలవ. ఆ రెంటి మధ్యలోంచి మనిషి పోవచ్చు, గేదె పోవచ్చు, గేదెని తోలుకుంటూ మనిషి కూడా పోవచ్చు. కారు పోవాలంటే మాత్రం దేనికో దానికి గీరుకోవాల్సిందే. స్తంభానికి గీరుకుంటే తలుపు పోద్ది. కాలవ గట్టుకి గీరుకుంటే చక్రం పోద్ది. తలుపు పదిమందికీ కనపడుద్ది గనక నేను ఎప్పుడూ చక్రాన్నే బలిచ్చేవాణ్ణి. చక్రం కూడా పదిమందికీ కనపడుద్దని, మా ఆవిడతో పాటు స్కూల్లో పాఠాలు చెప్పే సంయుక్త గారు అనేదాకా నాకు తెలీదు.

"ఫౌజియా గారూ, మీ కారు చక్రాలకి శోభి వచ్చినట్టుందే," అందంట ఆవిడ, నలుగురు టీచర్ల ముందు.

ఇంట్లో మనుషులకి జబ్బు చేస్తే మా ఆవిడ కషాయం కాస్తుంది. చక్రాలకి చేసిందని ఆ పూట అన్నం మానేసింది.

ఇది రెండువేల ఆరు ఎండాకాలం సంగతి. నా పేరు అష్ఫాక్. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో గుమాస్తాని. ఆ జనవరిలోనే ఉయ్యూరులో ఒక చెరుకు కాంట్రాక్టరు దగ్గర పాత కారు కొన్నా. కొన్నాక కూడా ఆఫీసుకి ఆఫీసు బస్సులోనే పోయేవాణ్ణి. కారు కొన్నది తిరగటానికి కాదు గదండీ, ఉందని చెప్పటానికి. ఆ కాంట్రాక్టరు కొడుకు ముచ్చటపడి దానికి అల్లాయ్ వీల్స్ వేయించాడు. ఇనపవి కావు, అల్యూమినియంలో ఇంకేదో కలిపి పోసినవి అని అమ్మేటప్పుడు చెప్పాడు. "తెలుసులెండి," అన్నా. తెలీదు.

ఆ చక్రాల మీద పైపూత ఎక్కడికక్కడ లేచిపోయి, లోపల తెల్లగా బూజులాగా పట్టింది. అంచులకి నా డ్రైవింగు తాలూకు గాట్లు. మేం ముందు ఇంటి వైద్యం చేశాం. పళ్ళపొడితో తోమాం. నిమ్మచెక్క రుద్దాం. పుల్లమజ్జిగతో కడిగాం. మేం చక్రానికి తలంటి పోస్తున్నామని సందులో పిల్లలు చూట్టానికొచ్చారు. చివరికి మా ఆవిడ చాకలిసోడా నానబెట్టి పూసింది. తెల్లమచ్చల మధ్య నల్లమచ్చలు కూడా వచ్చాయి.

"నా తమ్ముడికి చెప్తా," అంది ఫౌజియా.

"మొదటే చెప్పొచ్చుగా," అన్నా.

"మొదటే చెప్తే మనకి చేతగాదనుకుంటాడు."

ఇదంతా అరుగు మీద కూర్చుని అబ్బా వింటున్నాడు. అబ్బా అంటే మా ఇళ్ళల్లో నాన్న. మీ ఇళ్ళల్లో నొప్పి. రెంటికీ తేడా తక్కువేనని మా ఆవిడ అభిప్రాయం.

ఆయన అసలు పేరు రేషన్ కార్డుకి తప్ప ఎవరికీ తెలీదు. అందరికీ బడే మియా. ఉయ్యూరు నుంచి మైలవరం దాకా ఆయన తిరగని ఊరు లేదు. కళాయి వేసేవాడు. ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే చిలుమెక్కుద్ది గదండీ, అందుకని లోపల తగరం పూత వెయ్యాలి. వీధి మొదట్లో గుంట తీసి, బొగ్గులు పోసి, తిత్తి ఊది, గిన్నె కాల్చి, నవాసారం పొడి చల్లి, తగరం ముట్టించి, దూదితో ఒక్క తిప్పు తిప్పితే నల్లగిన్నెలో వెన్నెల పోసినట్టయ్యేది. తర్వాత స్టీలు గిన్నెలొచ్చాయి. స్టీలుకి కళాయి అక్కర్లేదు. అబ్బా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆ ఎండాకాలం దాకా లేవలా.

"ఏం చక్రాలన్నావ్?" అన్నాడు ఆ రోజు.

"అల్లాయ్ అబ్బా."

"అల్లాయి." నోట్లో వేసుకుని చప్పరించినట్టు రెండుసార్లు అనుకున్నాడు. "కళాయి, అల్లాయి. పేర్లు చూడు, అన్నదమ్ముల పిల్లల్లా ఉన్నయ్యి."

నేను నవ్వా. నవ్వి ఊరుకోకుండా, "అవును అబ్బా, చుట్టరికమే," అన్నా. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఏమన్నా అవునంటాం. అది మర్యాదని మేం అనుకుంటాం.

*

నా బామ్మర్ది నవాజ్‌ది ఆటోనగర్‌లో రేకుల షెడ్డు. అందరూ బండి మొత్తం బాగుచేస్తే, వాడు చక్రాలకి పోయిన మెరుపు తెప్పించటమే పనిగా పెట్టుకున్నాడు. అక్క మొగుణ్ణి గనక నన్ను 'దుల్హా భాయ్' అంటాడు. పెళ్ళికొడుకన్నా అని అర్థం. బట్టతల వచ్చినా నన్నింకా పెళ్ళికొడుకనే మనిషి ఈ భూమ్మీద వాడొక్కడే.

కారు తీసుకెళ్ళిన రోజు అబ్బా కూడా వస్తానన్నాడు. షెడ్డులో స్టూలు వేస్తే దాని అంచు మీద కూర్చుని చూశాడు. నవాజ్ టైరు ఊడదీశాడు. ఘాటు మందు పూస్తే పాత పూత పొక్కులు పొక్కులుగా లేచింది, గీకేశాడు. గాట్లని పుట్టీతో పూడ్చాడు. నీళ్ళు పోస్తూ ముందు గరుకు కాయితంతో, తర్వాత నున్న కాయితంతో చేతులు తిమ్మిరెక్కేదాకా రుద్దాడు. ప్రైమరు కొట్టాడు. వెండిరంగు కొట్టాడు. దాని మీద క్లియర్ అని, రంగులేని పూత ఇంకోటి కొట్టాడు. చక్రం పెళ్ళివారి ఇంట్లో కొత్త పళ్ళెంలాగా అయింది.

"నిప్పేదిరా?" అన్నాడు అబ్బా.

"నిప్పెందుకు చాచా?"

"నిప్పు లేకుండా పూత ఎట్టా పట్టుద్ది?"

"గన్‌తో కొడితే పట్టుద్ది చాచా."

"దాన్ని పూత అనరు, పౌడరంటారు. మొహం కడుక్కుంటే పోద్ది."

"కడిగినా పోదు. గ్యారంటీ ఇస్తన్నాగా."

"మా కాలంలో గ్యారంటీ లేదు," అన్నాడు అబ్బా. "ఊళ్ళోనే ఉండేవాళ్ళం."

నవాజ్ నా వంక చూశాడు. నేను మర్యాదగా రేకుల వంక చూశా.

మూడు చక్రాలయ్యేసరికి ఆటోనగర్‌లో కరెంటు కోత మొదలైంది. నాలుగోది, ముందు ఎడమది, వారం ఆగమన్నాడు నవాజ్. కరెంటు తయారుచేసే చోట ఉద్యోగం చేసేవాడి చక్రం కరెంటు లేక ఆగిపోయిందని మా సెక్షన్‌లో చాలా రోజులు చెప్పుకున్నారు.

ఆ ఆదివారమే బందరులో మా ఆవిడ తరఫు పెళ్ళి.

"మూడు చక్రాలు మెరుస్తా, ఒకటి శోభితోనా? మా వాళ్ళ ముందా?" అంది ఫౌజియా.

కారుంది గనక బస్సులో వెళ్ళాం.

*

సాయంత్రం సందు మలుపు తిరగ్గానే ముక్కుకి నవాసారం పొగ తగిలింది. చిన్నప్పుడు అబ్బా చొక్కాకి ఉండే వాసన అది. ఒక్క క్షణం నాకు అమ్మ ఇంకా ఉందేమో అనిపించింది, ఎందుకో.

మా గుమ్మం ముందు పదిమంది మూగి ఉన్నారు. మధ్యలో గుంట, గుంటలో ఆరిపోతున్న బొగ్గులు. ఆ నాలుగో చక్రం గోడకి ఆనించి ఉంది. పక్కన అబ్బా, మసి మొహంతో, చెమటతో, బనీనుతో. అటకెక్కిన తిత్తి ఎప్పుడు దించాడో, ఎట్టా దించాడో. వీధి చివర పంక్చరు వేసే ఏసుపాదాన్ని పిలిచి, కారుకి స్టెప్నీ తగిలించి, ఈ చక్రం టైరు ఊడదీయించాడు. "పెద్దాయన అడిగితే కాదంటే బాగోదని," అన్నాడు ఏసుపాదం, నేను అడక్కముందే.

"చూడు," అన్నాడు అబ్బా.

చూశా. నిజం చెప్పాలంటే బాగుంది. నవాజ్ చేసినవి మెరుస్తున్నాయి. ఇది మెరవట్లా, లోపల్నించి వెలుగుతోంది. అక్కడక్కడా తగరం పట్టని చోట్లు ఉన్నా, దూది తిప్పిన చార చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టుంది.

"మొదట లొంగలా," అన్నాడు. "తగరం ముత్యాల్లాగా జారిపోయింది. మొండి లోహం. ఇంకా కాల్చా. ఎర్రబడుద్దేమోనని చూశా, ఎర్రబడలా. ఇంకా కాల్చా. ఇనప బ్రష్షుతో రుద్దుతా ముట్టిస్తే అప్పుడు పట్టింది. నీ బామ్మర్దికి చెప్పు, నిప్పు చూపిస్తే ఏదైనా మాట వింటది."

"చాలా బాగుంది అబ్బా."

"పౌడరు కాదు."

"కాదు అబ్బా."

ఆయన మొహం అట్టా నేను అమ్మ పోయాక చూళ్ళా. ఫౌజియా పెళ్ళికి కట్టిన చీరతోనే వెళ్ళి ఆయనకి నీళ్ళు తోడింది. రాత్రి ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

మర్నాడు చక్రం తీసుకుని ఆటోనగర్ వెళ్ళా, టైరు ఎక్కించుకుని వద్దామని. నవాజ్ దాన్ని చాలాసేపు చూశాడు. అద్దాన్ని ముట్టుకున్నట్టు ముట్టుకున్నాడు.

"కాల్చాడా?"

"కాల్చాడు."

"ఎంతసేపు?"

"లొంగేదాకా అన్నాడు."

నవాజ్ దాన్ని మిషను మీద పెట్టి తిప్పాడు. తాగినోడిలా ఊగుతా తిరిగింది. ఆపేశాడు.

"దుల్హా భాయ్, దీని మీద కారు నడపొద్దు. పోత పోశాక వీటిని లెక్కగా కాల్చి గట్టిపరుస్తారు. మళ్ళీ బొగ్గుల మీద పెడితే ఆ గట్టి పోద్ది. పైకేం తెలీదు. ఎక్కడో గుంటలో పడ్డప్పుడు తెలుస్తది. అప్పుడు తెలిసీ లాభం ఉండదు."

"మళ్ళీ గట్టిపరచలేవా?"

"నావల్ల కాదు. ఎవరివల్లా కాదనుకో." చక్రాన్ని మిషను మీంచి దించి, "చాచాకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాడు.

*

చెప్పటమనేది మా ఇంట్లో లేదండీ. అమ్మకి కాన్సరని డాక్టరు చెప్పినప్పుడు మేం అమ్మకి గ్యాసని చెప్పాం. ఆ మాట మొదట అన్నది అబ్బానే. ఆర్నెల్లు గ్యాసుకి మందులు వాడినట్టు వాడాం. గ్యాసు తగ్గిందా అని చుట్టాలు అడిగేవాళ్ళు. గ్యాసుతోనే పోయింది.

"ఇన్నేళ్ళకి ఒక్క రోజు నవ్వాడు. ఆ మాట చెప్పటానికి నోరెట్టా వస్తది?" అంది ఫౌజియా. నవాజ్‌తో కలిపి మేం ముగ్గురం వంటింట్లో నిలబడి ఉన్నాం. మా ఇంట్లో ముఖ్యమైన నిర్ణయాలన్నీ కుక్కరు కూత కింద జరుగుతాయి, అరుగు మీదకి వినపడకుండా.

"పోనీ చక్రం పగిలిందని చెప్దాం," అన్నా.

"ఆయన చేశాకే పగిలిందని బాధపడతాడు."

"ఎవరో ఎత్తుకుపోయారని చెప్దాం."

"పోలీసు స్టేషనుకి బయల్దేరతాడు."

చివరికి నవాజే ఉపాయం చెప్పాడు. ఆటోనగర్ పాత సామాన్లలో అదే రకం చక్రం ఒకటి వెతికి పట్టుకున్నాడు. దానికి తన పద్ధతిలోనే పూత వేశాడు, కాకపోతే అబ్బా చేసినట్టు కనపడేలాగ. వెండిరంగులో కొంచెం నీలం కలిపాడు. దూది చార కోసం తడి రంగు మీద గుడ్డ తిప్పాడు. కుదరక గీకేసి మళ్ళీ వేశాడు. తగరం పట్టని మచ్చలు గుర్తుపెట్టుకుని ఎక్కడివి అక్కడ పెట్టాడు. పని బాగుచెయ్యటానికి వాడెప్పుడూ అంత కష్టపడలేదంట, చెడగొట్టటానికే పడ్డాడు.

కారు తెచ్చి సందులో పెట్టా. అబ్బా అరుగు దిగి వచ్చాడు. వంగి చూశాడు.

"బండికెక్కాక ఇంకా కళొచ్చింది," అన్నాడు.

ఆయన కళ్ళలో శుక్లాలు ఉన్నందుకు నేను అల్లాకి దణ్ణం పెట్టుకున్నా. తండ్రి కళ్ళు కనపడనందుకు దణ్ణం పెట్టే కొడుకు ఇంకెక్కడన్నా ఉంటే చెప్పండి.

తర్వాత కొన్నాళ్ళు మా ఇల్లు ఇల్లులాగుంది. అబ్బా రోజూ గడ్డం గీయించుకున్నాడు. టీ కొట్టు దాకా వెళ్ళొచ్చేవాడు. సందులోంచి పోయే ప్రతివాణ్ణీ ఆపి, "ఈ నాలుగిట్లో మూడు పౌడరు, ఒకటి కళాయి. ఏదో చెప్పు," అనేవాడు. వాళ్ళు తేడాగా ఉన్నదాన్ని చూపించేవాళ్ళు. "చూశావా," అనేవాడు నాతో. "చూశా అబ్బా," అనేవాణ్ణి. ఫౌజియా స్కూల్లో కూడా చెప్పిందంట, మా మామగారు చేతిపనివారని. అంతకుముందు బిజినెస్ అని చెప్పేది.

*

ఎదురింటి నాగేశ్వరరావు మాస్టారు రిటైరయ్యాక కారు కొన్నారు. ఆయన దానిలో ఎక్కడికీ వెళ్ళరు, రోజూ పొద్దున స్టార్టు చేసి ఆపుతారు. ఆ రోజు పొద్దున తలుపు తీసేసరికి మా అరుగు మీద నాలుగు చక్రాలు దొంతర పెట్టి ఉన్నాయి. మాస్టారు పక్కన నిలబడి ఉన్నారు. ఆయన కారు ఇటికరాళ్ళ మీద కూర్చుని ఉంది.

"బడే మియా గారూ, మీరు కళాయి వేసిన గిన్నెలో చారు తాగి పెరిగిన ఒళ్ళండీ ఇది. మా ఆవిడ జ్ఞానప్రసూనాంబ కూడా అదే అంటోంది, ఇంకొకళ్ళకి ఇవ్వొద్దని. వచ్చే నెల దీనిలో తిరుపతి పోదామనుకుంటున్నాం, ఘాట్ రోడ్డు మీద."

ఘాట్ రోడ్డు అనేసరికి నాకు టీ పొలమారింది.

"అంతకన్నానా మాస్టారూ," అన్నాడు అబ్బా. "నాలుగూ ఒక్కసారే చేసేద్దాం. ముందటిది మొదటిది గనక ఇబ్బంది పెట్టింది. ఇప్పుడు కిటుకు తెలిసింది. ఇంకా బాగా కాలుస్తా."

"మీ దయండీ."

"అబ్బా," అన్నా, "ఎండలు మండిపోతున్నాయిగా, కొన్నాళ్ళు ఆగితే."

"నిప్పు దగ్గర పనికి ఎండేంటిరా."

ఇక్కడన్నా చెప్పాల్సింది గదా అంటారు. నేనూ అదే అనుకుంటా బొగ్గుల కొట్టుకి వెళ్ళా. కొట్టాయన రామకోటేశ్వరరావు నాకు తెలిసినవాడే. మా నాన్నొస్తే బొగ్గుల్లేవని చెప్పమన్నా.

"అమ్ముడుపోయే సరుకే అది ఒక్కటండీ," అన్నాడాయన. "అయినా పెద్దాయన ఆరోగ్యం కోసమంటున్నారు గనక."

నేను ఆరోగ్యం అన్లేదు. ఆయనే అనుకున్నాడు. నేను కాదన్లేదు.

అబ్బా వెళ్ళాడు, లేవన్నారు. రెండోరోజు వెళ్ళాడు, రావాలన్నారు. కాలవ గట్టున కూర్చుని మాస్టారి చక్రాల్ని చింతపండుతో తోమి సిద్ధం చేసుకున్నాడు. మూడోరోజు మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉన్నప్పుడు చొక్కా వేసుకుని సిటీబస్సెక్కాడు. ఆటోనగర్‌లో లారీల కమాను కట్టలు సాగగొట్టే కొలుముల దగ్గర బొగ్గు దొరుకుద్దని ఎవరో చెప్పారంట.

సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి అరుగు మీద ఉన్నాడు. చేతిలో బొగ్గుల సంచి లేదు. మాస్టారి చక్రాలు అరుగు మీద లేవు.

"ఇచ్చేశా," అన్నాడు. "చేతులు వణుకుతున్నయ్యి. వేరే చోట చేయించుకోమన్నా."

"ఏమన్నారు మాస్టారు?"

"నవాజ్ దగ్గర చేయించుకోమన్నా. వాడు బాగా చేస్తాడు."

నేను లోపలికొచ్చి, గండం గడిచిందని ఫౌజియాకి చెప్పా. ఇద్దరం చాలా సంతోషించాం. ఆ పూటే చొక్కా గుండీ ఊడితే అబ్బా సూదిలోకి దారం తనే ఎక్కించుకున్నాడు. ఒక్కసారికే ఎక్కింది. మేమిద్దరం చూశాం.

మర్నాడు పాత సామాన్లవాణ్ణి పిలిచి తిత్తి, పట్టకారు ఇచ్చేశాడు. వాడు బదులుగా ఎర్ర ప్లాస్టిక్ బకెట్ ఇచ్చాడు. చాలా గట్టి బకెట్. ఇప్పటికీ దాంతోనే కారు కడుగుతాం.

*

నవాజ్ మాట మీద నిలబడే మనిషి. తొలకరి దాకా నిలబడ్డాడు. ఒక రోజు వానకి మా ఇంట్లో చిక్కుకుని, బజ్జీలు తింటా తింటా, ఉన్నట్టుండి పళ్ళెం పక్కన పెట్టాడు.

"చాచా ఆ రోజు నా షెడ్డుకొచ్చాడు," అన్నాడు.

"ఏ రోజు?"

"బొగ్గులకొచ్చిన రోజు. ఎండన పడి వచ్చాడు, దాహమన్నాడు. నీళ్ళ కుండ దగ్గరికి తీసుకెళ్ళా."

"తీసుకెళ్తే?"

"కుండ ఆ చక్రం మీదే ఉంది దుల్హా భాయ్. ఆయన కాల్చిన చక్రం మీద."

"దాన్ని పాత సామాన్ల కాటాకి వేసెయ్యమన్నాగా."

"చాచా చేతిపని. కాటాకి వెయ్యబుద్ధి కాలా. కుదురు బాగుందని కుండ పెట్టా."

ఫౌజియా పొయ్యి ఆపి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నీళ్ళు ముంచి ఇచ్చా," అన్నాడు నవాజ్. "తాగలా. గ్లాసు అట్టాగే పట్టుకుని వంగి, బొటనవేలితో ఆ చార మీద రాశాడు. చుట్టూతా రాశాడు. ఇదెక్కడిదిరా అన్నాడు. ఏదో పాత చక్రం చాచా, పనికిరానిది, ఎవరో వదిలేసి పోయారు అన్నా. అదే నోటికొచ్చింది."

"అప్పుడు?"

"పని బాగుంది అన్నాడు. ఎందుకు పనికిరాదు అన్నాడు. కాల్చారు చాచా, కాలిస్తే ఇది మెత్తబడుద్ది, ఎక్కినోళ్ళు చస్తారు అన్నా. అప్పుడు నీళ్ళు తాగాడు. ఇంకో గ్లాసు అడిగి తాగాడు. పోయేటప్పుడు, నేను ఇటొచ్చానని అష్ఫాక్‌తో అనకు, వాడు బాధపడతాడు అన్నాడు."

బయట వాన పడతానే ఉంది. అరుగు మీద అబ్బా కాళ్ళు పైకి పెట్టుకుని, సైడుకాలవలో పొర్లుతున్న నీళ్ళని చూస్తన్నాడు.

అమ్మకి కూడా తెలుసేమో అని నాకు మొట్టమొదటిసారి అనుమానం వచ్చింది ఆ రోజే. ఆర్నెల్లు మా కోసం గ్యాసు మందులు మింగిందేమో. ఆ అనుమానాన్ని అడగటానికి ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. ఆయన్ని అడగాలంటే ముందు చక్రం సంగతి ఎత్తాలి.

సరే, అసలు విషయానికి వస్తా. ఎందుకు ఇదంతా మీకు రాస్తున్నానంటే, బొగ్గులకని ఆటోనగర్ వెళ్ళొచ్చిన రోజు నుంచి అబ్బా కొత్త అలవాటు చేసుకున్నాడు. ప్రతి శుక్రవారం నమాజుకి కారులో తీసుకెళ్ళమంటాడు. మసీదు రెండు సందుల అవతలే. నేను స్తంభాన్నీ కాలవనీ తప్పించి రోడ్డెక్కేలోపు కుంటివాడు కూడా నడిచిపోతాడు. అయినా కారే కావాలంటాడు. గోడ పట్టుకుని మెల్లగా అరుగు దిగుతాడు. ఎక్కబోయే ముందు, ముందు ఎడమ చక్రం దగ్గర ఆగి, దాని మీద చెయ్యేసి అడుగుతాడు.

"అష్ఫాక్, ఇది నాదేనా?"

"నీదే అబ్బా," అంటా.

నా మొహంలోకి కాసేపు చూస్తాడు. శుక్లాలున్న కళ్ళే. తర్వాత ఎక్కి కూర్చుంటాడు.

నవాజ్ చెప్పకముందు, ఆయన గర్వంతో అడుగుతున్నాడనుకుని గట్టిగా, "నీదే అబ్బా, నీది కాక ఇంకెవరిది," అనేవాణ్ణి. చెప్పాక కొంచెం నెమ్మదిగా అంటన్నా. అదొక్కటే తేడా. పోయిన శుక్రవారం కూడా అడిగాడు. నా నోరు తెరుచుకుంది గానీ మాట రాలా. ఆయన చక్రం మీద చెయ్యి తియ్యకుండా, "తొందరేం లేదు. ఆలోచించుకునే చెప్పు," అన్నాడు.

నేను ఆలోచించుకుని, "నీదే అబ్బా," అన్నా.

ఫౌజియానేమో, ఆయనకి తెలుసని మనకి తెలిసినట్టు తెలిస్తే ఇంకా బాధపడతాడు, ఊరుకోమంటోంది. నవాజేమో, చాచా అడుగుతోంది చక్రం గురించి కాదు అంటన్నాడు. దేని గురించో వాడూ చెప్పట్లా. నిజం చెబితే, నా కోసం ఆయన ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నది వృథా అవుద్ది. చెప్పకపోతే, ఆయన ప్రతి వారం నాకో అవకాశం ఇస్తున్నాడు, నేను ప్రతి వారం తప్పుతున్నా. ఆయన గోడ పట్టుకోవటం కూడా వారం వారం ఎక్కువవుతోంది.

మీ ఇళ్ళల్లో ఇట్టాంటివి ఎట్టా సర్దుకుంటారండీ? చెప్తారా, ఊరుకుంటారా? చెప్పేవాళ్ళయితే మొదటి మాట ఏమంటారు, అది చాలు నాకు, మిగతాది నేను చూసుకుంటా. పెద్దవాళ్ళున్నవాళ్ళు, పెద్దవాళ్ళు పోయినవాళ్ళు, ఎవరైనా సరే, దయచేసి ఒక ముక్క చెప్పండి. కొంచెం తొందరగా చెప్పండి. రేపు శుక్రవారం.